వేళ్లతో చదివే గోదావరి డెల్టా పటం: ప్రాజెక్టు డైరీ

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. అదే తరగతిలో ఒక అబ్బాయికి చూపు బాగా తక్కువ, పుస్తకం ముఖానికి ఆనించి చదువుతాడు. ఇంకో అబ్బాయి వినికిడి యంత్రం పెట్టుకుంటాడు. ఈ ముగ్గురూ మిగతా పిల్లలతో కలిసి ఒకే పటం ముందు కూర్చుని నదుల పాఠం నేర్చుకోవాలి. దానికోసం చేసిన పటం ఇది. కొలతలు, ఖర్చు, ఏది పాడైంది, ఎందుకు మార్చాం అన్నీ రాస్తున్నాను. మీ స్కూల్లో చేసుకునేటప్పుడు పాడైనవి మళ్లీ చేసి చూడాల్సిన పని ఉండదు.

దశ 1: పటంలో ఏం ఉంచాలి

గోడమీది పటం ఆ అమ్మాయికి ఎప్పుడూ ఖాళీ గోడే. పాఠం మాత్రం నోటికి వచ్చు. "ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది" అని తడుముకోకుండా చెప్పేస్తుంది. గౌతమి మన ఊరికి ఏ వైపున ఉందని అడిగితే మాత్రం ఆగిపోయింది. మాట తెలుసు, చోటు తెలియదు. అందుకని పటం చెప్పాల్సింది చోటు ఒక్కటే అని తీర్మానించుకుని, మిగతాదంతా కోసేశాను.

ఉంచినవి:

1. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా గౌతమి, వసిష్ఠ.
2. వసిష్ఠ నుంచి చీలే వైనతేయ.
3. సముద్ర తీరం.
4. ఊళ్లు: రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, అమలాపురం, నరసాపురం, అంతర్వేది, యానాం. వీటితో పాటు మా ఊరు.

రోడ్లు, రైలు మార్గం, జిల్లా సరిహద్దులు, చిన్న పాయలు తీసేశాం. కాలవలకు విడిగా ఇంకో బోర్డు. కంటికి ఒక్క చూపులో పటమంతా కనిపిస్తుంది. వేలు మాత్రం ఒక్కో గీతనూ వెంబడించి, గుర్తుపెట్టుకుని, మనసులో కలుపుకోవాలి. గీతలు పెరిగేకొద్దీ ఆ పని కష్టమవుతుంది.

స్కేలు: 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు. ఆ లెక్కన ధవళేశ్వరం నుంచి అంతర్వేది 35 సెంటీమీటర్ల లోపే పడుతుంది. రెండు చేతులూ ఒకేసారి పటంమీద ఆనితే పై కొస, కింది కొస రెండూ అందాలి, అందుకే ఈ కొలత. బోర్డు సైజు 45 × 60 సెంటీమీటర్లు.

దశ 2: కొబ్బరి తాడు పటం (పనికిరాలేదు)

మా ప్రాంతంలో కొబ్బరి తాడు దొరకని ఇల్లు లేదు కాబట్టి దానితోనే మొదలు. పటాన్ని పెద్దగా జిరాక్స్ తీయించి, దళసరి అట్టమీద అంటించి, నదుల వెంట తెల్ల జిగురుతో తాడు పరిచాం. సముద్రానికి గరుకు కాగితం.

ఏం జరిగిందంటే:

1. తాడులోంచి పీచు బయటికి పొడుచుకొస్తుంది. ఆ అమ్మాయి గౌతమి వెంట వేలు నడిపి యానాం చేరేలోపే ఆగి, "పాయ ఎక్కడ ఆగిపోయిందో తెలీట్లేదండి సార్, పీచంతా నదిలాగే ఉందండి" అంది.
2. తాడు మందం ఒకలా ఉండదు. ఒకే తాడు ఒకచోట 5 మిల్లీమీటర్లు, ఇంకోచోట 8. పెద్ద పాయకూ చిన్న పాయకూ తేడా చూపిద్దామంటే కుదరలేదు.
3. గరుకు కాగితం వేళ్లను మొద్దుబారుస్తుంది. సముద్రాన్ని తడిమాక బ్రెయిలీ చదవమంటే చుక్కలు తెలియడం లేదంది. బ్రెయిలీ చదివే పిల్లలకు వేలి కొసే కన్ను. పటంలో ఎక్కడా గరుకు కాగితం వాడకండి.
4. ముసురు పట్టాక అట్ట వంగింది. మూల దాదాపు 2 సెంటీమీటర్లు పైకి లేచింది. తెల్ల జిగురు మెత్తబడి తాడు ఊడింది, అట్ట వెనక బూజు పట్టింది. డెల్టాలో వర్షాకాలం తేమ తట్టుకోని వస్తువు ఏదీ బడిలో నిలవదు.

ఖర్చు: జిరాక్స్ 60, అట్టలు 90, తాడు 40, జిగురు, గరుకు కాగితం 85.
ఇప్పటివరకు మొత్తం: ₹275

దశ 3: ముందు కొలత పట్టీలు

మళ్లీ పటానికి దిగకుండా చిన్న ప్లాస్టిక్ పట్టీలమీద తాడు ముక్కలు అంటించి చూశాం. ఆ అమ్మాయితో పాటు భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రం) వచ్చే మరికొందరు చూపులేని పిల్లలూ తడిమి చెప్పారు. కళ్లున్నవాళ్లం మేం "బాగుంది" అనుకున్న పట్టీల్లో సగం వాళ్లు పక్కన పడేశారు. ఈ దశ వదలొద్దు. ఖర్చు ఏమీ లేదు, పటం నిలబడ్డది మాత్రం దీని వల్లే.

1. గీతల మధ్య ఖాళీ. రెండు తాళ్ల మధ్య 2 మిల్లీమీటర్లు ఉంటే ఒకే తాడనుకున్నారు. 4 మిల్లీమీటర్లకు ఆగి ఆలోచించి రెండన్నారు. 6 మిల్లీమీటర్లు ఉంటే వేలు ఆగకుండానే తెలిసిపోయింది. 6 కంటే తగ్గకూడదని పెట్టుకున్నాం.
2. మందం. 3 మిల్లీమీటర్లకూ 4 మిల్లీమీటర్లకూ తేడా పట్టలేకపోయారు. 2 మిల్లీమీటర్లకూ 4 మిల్లీమీటర్లకూ వెంటనే పట్టారు. ఒక గుర్తు ఇంకోదానికి రెట్టింపు ఉండాలి.
3. ఊరి గుర్తు. చొక్కా గుండీలు సరిపోయాయి. అయితే గుండీ తాడుకు తగిలి ఉంటే తాడులో ముడి అనుకుంటున్నారు. 5 మిల్లీమీటర్లు ఎడంగా పెట్టాలి.

మొదటి నియమం వల్ల ఒక చిక్కు వచ్చింది. వసిష్ఠ నుంచి వైనతేయ చీలే చోట, స్కేలు ప్రకారం వేస్తే రెండు తాళ్లూ చాలా దూరం అతుక్కునే నడుస్తాయి. వేలికి చీలిక తెలియదు. అక్కడ స్కేలు పక్కనపెట్టి పాయల్ని విడదీశాను. భూగోళం చెప్పేవాడికి ఇది మింగుడుపడని పనే. కానీ పిల్లకు తెలియాల్సింది ఇక్కడ నది చీలిందని, ఈ రెండు పాయల మధ్యే రాజోలు సీమ ఉందని. చీలిక కోణం కచ్చితంగా ఉండి, చీలిక మాత్రం అందకపోతే ఆ కచ్చితం ఎవరికోసం?

దశ 4: సన్‌బోర్డు, వల తాడు

అట్ట బదులు ఫ్లెక్సీ షాపుల్లో వాడే సన్‌బోర్డు, 5 మిల్లీమీటర్ల మందం. నీరు పీల్చదు, వంగదు, బ్లేడుతో కోసుకోవచ్చు. తాడు కోసం వల సామాన్ల కొట్టుకు వెళ్లాం. "ఏ వలకండీ మాస్టారూ?" అని అడిగాడు కొట్టాయన. సంగతి చెప్తే నాలుగు రకాల మందాల్లో ముక్కలు కోసి, కళ్లు మూసుకుని తనే ఒక్కోటీ తడిమి చూసి ఇచ్చాడు. నైలాన్ తాడు మందం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కటే. పీచు లేవదు, తడిసినా ఉబ్బదు.

చేసిన వరుస:

1. బోర్డు కుడివైపు పై మూలను ఏటవాలుగా కోసెయ్యాలి. ఆ కోత చేతికి తగిలితే పటం సరిగ్గా పెట్టినట్టు, పై అంచు ఉత్తరం. అన్ని బోర్డులకూ ఇదే గుర్తు.
2. పటాన్ని పెన్సిల్‌తో బోర్డుమీదకు దించాలి.
3. గౌతమి, వసిష్ఠలకు 4 మిల్లీమీటర్ల తాడు, వైనతేయకు 2 మిల్లీమీటర్లది. రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, కాస్త ఆరాక నొక్కాలి.
4. తాడు కొసల్ని అగరబత్తితో కాల్చి మూసెయ్యాలి. కాలిన కొస సూదిలా గట్టిపడుతుంది. గోళ్ల ఆకురాయితో నున్నగా అరగదీయాలి. ఇది మరిచిపోతే వేలికి గుచ్చుకుంటుంది.
5. సముద్రానికి కిటికీలకు కొట్టే దోమల మెష్. తాకగానే నేల కాదని తెలుస్తుంది, వేలిని గీరదు. అంచులు మడిచి అంటించాలి.
6. నేలంతా నున్నగా వదిలెయ్యాలి. పొలాలకు ఒక రకం, తోటలకు ఒక రకం అంటూ గుడ్డముక్కలు అంటించొద్దు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర స్కేలు మళ్లీ అడ్డం వచ్చింది. గేట్లున్న భాగాలన్నీ కలిపి సుమారు మూడున్నర కిలోమీటర్లు. మా పటంలో 2 సెంటీమీటర్లు కూడా రాదు. ఆ కాస్తలో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు ఎలా చూపిస్తాం? పటంమీద ఒక్క అడ్డపుల్ల పెట్టి, బ్యారేజీకి విడిగా పెద్ద కార్డు చేశాం. ఐస్‌క్రీమ్ పుల్లలు నాలుగు వరుసలు, వరుసల మధ్య ఖాళీలో మెత్తటి గుడ్డతో లంకలు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, దాని స్థానంలో 1982 నాటికి వచ్చిన 175 గేట్ల బ్యారేజీ, రెండూ ఈ కార్డుమీదే చెబుతున్నాను. కట్ట ఒకే గోడ అనుకున్న పిల్లలు చాలామందే ఉన్నారు, చూపున్నవాళ్లతో సహా.

ఖర్చు: సన్‌బోర్డు మూడు ముక్కలు 600, తాళ్లు 130, రబ్బరు జిగురు 120. మెష్ ముక్క కిటికీలు బిగించేవాళ్లు ఊరికే ఇచ్చారు.
ఇప్పటివరకు మొత్తం: ₹1,125

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. చందాలు వేసుకుందామని కొందరు టీచర్లు మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 17వ సెక్షన్ ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ధ్రువీకరించిన విద్యార్థులకు పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన పరికరాలు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఉచితంగా ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఆ కాగితం చూపించి స్కూల్ గ్రాంటులో బిల్లు పెట్టమన్నాను, హెచ్‌ఎం గారు పెట్టారు. సుద్దముక్కలకు ఎవరమూ చందా వేసుకోం కదా, దీనికెందుకు?

దశ 5: పేర్లు

ఈ దశ అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకుంది.

బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య దాదాపు 2.5 మిల్లీమీటర్లు, గడికీ గడికీ సుమారు 6, వరుసకూ వరుసకూ సుమారు 10. ఇంతకంటే చిన్నగా రాయలేం, పెద్దగా రాస్తే వేలికింద పట్టదు. తెలుగు బ్రెయిలీలో గుణింతం విడిపోతుంది. గౌతమి అంటే గ, ఔ, త, మ, ఇ: ఐదు గడులు, 3 సెంటీమీటర్లు. ధవళేశ్వరం తొమ్మిది గడులు, ఐదున్నర సెంటీమీటర్లకు దగ్గర. స్కేలు ప్రకారం అది పదకొండు కిలోమీటర్ల నేల! ఊరి పేరే నదిని కప్పేస్తుంది.

అందుకని పటంమీద రెండు గడుల పొట్టిపేర్లు: ధవ, అమ, యా, అం, నర, రా. పూర్తి పేర్లు బోర్డు ఎడమ అంచున వరుసగా. చూపున్న పిల్లలకూ ఇవే పొట్టిపేర్లు, పెద్ద అక్షరాల్లో.

మొదట దళసరి కాగితంమీద పొడిచి అంటించాం. నలుగురు పిల్లలు చదివేసరికి చుక్కలు అణిగిపోయాయి. భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ మేడం ఇచ్చిన ఉపాయం స్పైరల్ బైండింగ్‌కు పైన వేసే పారదర్శక ప్లాస్టిక్ షీటు. బ్రెయిలీ పలకలో పెట్టి గట్టిగా పొడిస్తే చుక్క లేస్తుంది, అణగదు. కింద పెద్ద అక్షరాల్లో "ధవ" అని ప్రింటు, దానిపైన అదే పేరు చుక్కల్లో ఉన్న ప్లాస్టిక్ ముక్క. ఒకే చోట ఒకరు కంటితో, ఒకరు వేలితో చదువుతారు. వేరే పటం, వేరే పేర్లు అక్కర్లేదు.

పొడిచిందంతా ఆ అమ్మాయే. పలకలో కుడి నుంచి ఎడమకు పొడవాలి, తిప్పితే ఎడమ నుంచి కుడికి చదవాలి. పక్కన కూర్చున్న పిల్లలు అద్దంలోలా తిరగేసి రాస్తున్న ఆ చేతి వేగం చూసి నోరు తెరిచారు. అప్పటిదాకా తరగతిలో ఆమెకు ఎవరో ఒకరు సాయం చెయ్యడమే వాళ్లు చూశారు.

ఖర్చు: షీట్లు 60, ప్రింట్లు 80, రెండు వైపులా అంటుకునే టేపు 50.
ఇప్పటివరకు మొత్తం: ₹1,315

దశ 6: రంగు, వెలుగు

తెల్ల బోర్డుమీద నీలం తాళ్లు నాకు ముచ్చటగా కనిపించాయి. చూపు తక్కువున్న అబ్బాయికి నదులు కనిపించనే లేదు. అతనికి కావాల్సింది ముదురుకూ లేతకూ మధ్య తేడా, అది ఏ రంగైనా సరే. నేలకు పసుపు స్టిక్కర్ షీటు వేసి, నదులకు నల్ల తాడు మార్చాం. అడుగు దూరం నుంచి పాయలు గుర్తుపట్టాడు.

మెరిసే స్టిక్కర్ కొనొద్దు. కిటికీ వెలుగు పడి తళుక్కుమంటే అతనికి అంతా తెల్లగా అయిపోతుంది. మెరుపు లేని మ్యాట్ రకం అడిగి తీసుకోండి. అక్షరాలు 28 పాయింట్లు, లావుగా. పటాన్ని కిటికీకి ఎదురుగా కాకుండా, వెలుగు వెనకనుంచి పడేలా పెట్టాలి.

గోడకు తగిలించి చూశాం, చేతులు లాగుతున్నాయన్నారు. ఇప్పుడు బెంచీమీదే, వెనక అంచు కింద రెండు ఇటుకలు పెట్టి కాస్త వాలుగా ఉంచుతున్నాం.

ఖర్చు: స్టిక్కర్ షీటు 210, నల్ల తాడు 70.
ఇప్పటివరకు మొత్తం: ₹1,595

కొబ్బరి తాడు పటం, మార్చేసిన నీలం తాడు తీసేస్తే కొత్తగా చేసేవాళ్లకు పన్నెండు, పదమూడు వందల్లో అయిపోతుంది.

దశ 7: నోట్సు మాట్లాడాలి

పటంతో పాటు ఇచ్చే నోట్సు ఫోన్లో టాక్‌బ్యాక్ (తెరమీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సదుపాయం) చదవాలి. ఉన్న నోట్సు ఎప్పుడో డీటీపీ సెంటర్లో పాత ఫాంటుతో కొట్టించింది. తెరమీద చక్కటి తెలుగే. కానీ ఆ ఫాంట్ల లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. తెలుగు ఆకారం పైన తొడిగారంతే. ఫోన్ వాటిని అలాగే చదివితే అర్థంలేని కూతలు వినిపించాయి. స్కాన్ చేసిన పేజీలైతే అసలు నోరే విప్పవు, అవి బొమ్మలు.

మీ ఫైలు ఎలాంటిదో తెలుసుకోవాలంటే:

1. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి.
2. తెలుగు తెలుగుగానే వస్తే యూనికోడ్, ఫోన్ చదువుతుంది.
3. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తే పాత ఫాంటు, మార్చాలి.
4. కాపీయే కాకపోతే బొమ్మ, మళ్లీ టైపు చెయ్యాలి.

పదో తరగతి పిల్లలు కొందరు పంచుకుని ఫోన్లలోనే యూనికోడ్‌లో టైపు చేశారు. కంప్యూటర్ ఉన్న బడులకు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు చదువుతుంది.

దశ 8: తరగతిలో

పటం సిద్ధమయ్యాక మారాల్సింది నా మాట. "ఇదిగో ఇక్కడ", "ఇటు చూడండి" అంటే ఆ అమ్మాయికి ఏమీ అందదు. "ధవ దగ్గర వేలు పెట్టండి, లావు తాడు రెండుగా చీలుతుంది, కుడివైపు దాని వెంట కిందికి రండి" అనాలి. ఇలా చెప్పడం మొదలుపెట్టాక వెనక బెంచీల పిల్లలు కూడా దారి తప్పకుండా వస్తున్నారు.

వినికిడి యంత్రం పెట్టుకునే అబ్బాయికి మాత్రం ఈ పద్ధతి ఎదురు తిరిగింది. నా పెదవులు చూస్తే పటం పోతుంది, పటం చూస్తే మాట పోతుంది. అందుకని ఒక వాక్యం చెప్పి, ఆగి, చేతులు పని ముగించాక అతను తలెత్తే వరకు తర్వాతి వాక్యం ఎత్తడం లేదు. వెళ్లాల్సిన వరుస ముందే నల్లబల్లమీద రాస్తున్నాను. పాఠం నెమ్మదిస్తుంది, నిజమే. ఒక పీరియడ్‌లో అయ్యేది దాదాపు రెండింటికి సాగింది.

మిగతా పిల్లలకు కళ్లకు గంతలు కట్టి తడిమించమని ఒక సలహా వచ్చింది. కట్టలేదు. గంత కట్టుకున్న పిల్లవాడికి ఆ కాసేపట్లో తెలిసేది భయం, తడబాటు. ఏళ్లుగా వేళ్లతో చదువుతున్న అమ్మాయి నేర్పు అందులో ఎక్కడా ఉండదు. పైగా ఆ తడబాటే ఆమె జీవితం అనుకుంటాడు. దాని బదులు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు దారి చెప్పడం, ఇంకొకరు వెతకడం పెట్టాను. దారి చెప్పడంలో ఆ అమ్మాయిని మించినవాళ్లు లేరు.

ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ చేతిని వసిష్ఠమీద, కుడి చేతిని గౌతమిమీద ఉంచి రెండింటినీ కలిపి కిందికి నడిపింది. చేతులు దూరం జరుగుతూ పోయి మెష్‌ను తాకాయి. బొటనవేళ్లతో మధ్యలో గుండీ వెతికింది. "అయితే మనూరికి మూడు పక్కలా నీళ్లేనాండి?" అంది. పక్కనున్న అబ్బాయి తన పుస్తకంలో పటం తీసి మళ్లీ చూసుకున్నాడు.

ఇంకా తేలనివి

1. కాలవల బోర్డు రెండోసారి చేయాలి. కాలవలకు వాడిన సన్న తాడు, వైనతేయకు వాడిన తాడు ఒకేలా ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది. పట్టీలమీద రెట్టింపు నియమం చూసుకుని, తాడు బదులు కుట్టుపూసల వరుస పరీక్షిస్తున్నాం.
2. ఎక్కువమంది చేతులు పడే చోట, తీరం దగ్గర, మెష్ అంచు లేస్తోంది. టేపు కాకుండా సన్న రేకు పట్టీ బిగించాలా అని చూస్తున్నాం. రేకు అంచు చేతికి కోసుకుంటుందేమోనన్నదే భయం.
3. యూనిట్ టెస్టులో పటం ప్రశ్న వచ్చినప్పుడు ఆమెకు దాన్ని వదిలేసి వేరే ప్రశ్న ఇచ్చేవాళ్లం. ఈసారి అదే ప్రశ్న, ఈ బోర్డుమీద, గుండుసూది బదులు పెద్ద తల ఉన్న పుష్‌పిన్‌లతో. సన్‌బోర్డులో పుష్‌పిన్ నిలుస్తోంది. సమయం గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తున్నాం. మార్కులు ఎలా వేయాలో, పిన్ ఎంత దూరం తప్పితే ఒప్పు అనుకోవాలో తోటి సోషల్ టీచర్లతో కూర్చుని ఖాయం చేయాలి. 1 సెంటీమీటరు అని నా ప్రతిపాదన, తరగతిలో అందరికీ అదే కొలత.